చేపల తొట్టిలో నీళ్ళు ఎందుకు చెడతాయి?



ఈ పాఠం చేపల గురించి. కూర వండుకునే చేపలు కాదు. గాజు తొట్టిలో పెంచుకునే చేపలు.

"మాకెందుకమ్మా ఆ చేపలు? అది డబ్బున్నవాళ్ళ సరదా" అంటారేమో. ఇప్పుడలా లేదు. తిరునాళ్ళలో, సంతలో ప్లాస్టిక్ సంచిలో నీళ్ళు పోసి ఎర్ర చేపల్ని అమ్ముతారు. పిల్లలు మారాం చేస్తారు. కొనక తప్పదు. మీలో కొందరు వేరే ఇళ్ళలో పని చేస్తారు. ఆ ఇంట్లో చేపల తొట్టి ఉంటే దాన్ని కడిగే పని మీదే. చేప చచ్చిపోతే మాట పడేదీ మీరే. ఇంకొందరు సిమెంటు తొట్లలో రంగు చేపలు పెంచి అమ్ముకుంటారు. చెన్నైలో కొళత్తూరు అనే చోటు ఈ వ్యాపారానికి పేరు మోసింది. అలా పెంచేవాళ్ళకు నీళ్ళు చెడితే కూడు పోయినట్టే.

అందరికీ వచ్చే చిక్కు ఒకటే. తేటగా పోసిన నీళ్ళు నాలుగు రోజులకు పాలలా తెల్లబడతాయి. లేదా నెల తిరిగేసరికి పచ్చబడతాయి. అప్పుడేం చేస్తాం? చేపల్ని గిన్నెలోకి తీస్తాం. తొట్టిలో నీళ్ళన్నీ పారబోస్తాం. రాళ్ళూ గాజూ బరబరా తోముతాం. కొత్త నీళ్ళు పోస్తాం. అబ్బ, అద్దంలా ఉంది అనుకుంటాం. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ మసక. ఈసారి ఒక చేప వెల్లకిలా తేలుతుంది.

ఎందుకలా అయింది? శుభ్రంగానే కడిగాం కదా?

అలా కడగటమే చిక్కు తెచ్చింది. ఎందుకో చూద్దాం.

నీళ్ళలో కనపడని పనివాళ్ళు

పశువుల కొట్టంలోకి పొద్దున్నే వెళ్తే ముక్కు మండే వాసన వస్తుంది కదా. ఆ ఘాటు వాసనకు కారణం అమ్మోనియా. పేరు కొంచెం కష్టం. కూడబలుక్కుని చదవండి. అమ్-మో-ని-యా.

చేపల ఒంట్లోంచి కూడా అమ్మోనియా బయటకు వస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియా పుడుతుంది. చెరువులో అయితే నీళ్ళు బోలెడు. కొంచెం అమ్మోనియా చేరినా తెలియదు. గాజు తొట్టి చిన్నది. చేప తిన్నా అందులోనే, విసర్జించినా అందులోనే, ఊపిరి పీల్చినా అందులోనే. అమ్మోనియా పెరిగితే చేప మొప్పలు మండుతాయి. ఊపిరాడదు. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉన్నా అందులో విషం ఉండొచ్చు.

మరి ఆ విషాన్ని ఎవరు తీస్తారు? కంటికి కనపడని సూక్ష్మజీవులు తీస్తాయి. అవి గులకరాళ్ళ మీద, ఫిల్టర్ స్పాంజిలో జిగురులా అంటుకుని బతుకుతాయి. కొన్ని సూక్ష్మజీవులు అమ్మోనియాను తిని నైట్రైట్ అనే పదార్థంగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ అంత చెడ్డది కాదు. అది మొక్కలకు ఎరువు. మనం పొలంలో చల్లే యూరియా కూడా మట్టిలో చివరికి నైట్రేట్‌గానే మారుతుంది.

పాలలో తోడు వేస్తాం. తోడులో ఉన్న సూక్ష్మజీవులే పాలను పెరుగు చేస్తాయి. తోడు లేకపోతే పాలు విరుగుతాయి గానీ పెరుగు కాదు. చేపల తొట్టికీ తోడు కావాలి. పెరుగు ఒక రాత్రిలో తోడుకుంటుంది. తొట్టి తోడుకోవటానికి 4 వారాల నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకూ ఓపిక పట్టాలి. ఈ సంగతి చేపలమ్మే అతను చెప్పడు. చెబితే ఆ రోజు చేప అమ్ముడు పోదు మరి.

ఇప్పుడు ఆలోచించండి. రాళ్ళను, స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమితే ఏమవుతుంది? పట్నాల్లో కుళాయి నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. మనకు రోగాలు రాకుండా క్రిములను చంపటానికే కలుపుతారు. అది మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని చూడదు. అన్నిటినీ చంపుతుంది. సబ్బు, సర్ఫు, బ్లీచింగ్ పొడి పెడితే ఇక చెప్పేదేముంది. తోడంతా పోయింది. అద్దంలా మెరిసే ఆ తొట్టిలో చేపను కాపాడే పనివాడు ఒక్కడూ మిగల్లేదు.

అనుకుందాం, మీ ఆడపడుచు మిమ్మల్ని అడిగింది.

"వదినా, నిన్నగాక మొన్ననే కదా తొట్టంతా కడిగాను. మళ్ళీ పాలలా అయిందేంటి?"

"మొన్న కడిగావు కాబట్టే అయింది."

"మరి కడక్కపోతే ఎలా?"

"కడుగు. కానీ అంతా ఒకేసారి కడగొద్దు. పావు వంతు నీళ్ళు మార్చు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండు. కుళాయి కింద పెట్టకు."

వదిన చెప్పింది సరైన మాట.

ముందు గ్లాసుతో చూడండి

నీళ్ళు చెడ్డాయని తెలియగానే చేయి ముంచకండి. ఒక గాజు గ్లాసుతో తొట్టి నీళ్ళు తీయండి. వెనక ఒక తెల్ల కాగితం పెట్టి వెలుతురులో చూడండి. తర్వాత వాసన చూడండి.

తెల్లగా, కుడితిలా ఉందా? అది ఒక జబ్బు. పచ్చగా ఉందా? అది వేరే జబ్బు. టీ డికాషన్ రంగులో ఉండి తేటగా ఉందా? అది అసలు జబ్బే కాదు. మన నోటికి జ్వరం మాత్ర వేరు, కడుపునొప్పి మందు వేరు. తొట్టికీ అంతే. ఏ జబ్బో తెలియకుండా అన్నిటికీ "కడిగెయ్" అనే మందు వేస్తున్నాం.

గ్లాసులో నీళ్ళు తేటగానే ఉండి, తొట్టి మాత్రం పచ్చగా కనిపిస్తోందా? అప్పుడు పచ్చదనం నీళ్ళలో లేదు. గాజుకు పాచి పట్టింది. ఒక కొత్త స్పాంజి ముక్కతో లోపల గాజు తుడవండి. అంతే పని. ఆ స్పాంజి గిన్నెలు తోమినది కాకూడదు. అందులో సబ్బు ఉంటుంది.

నీళ్ళు తెల్లబడితే

కొత్తగా తొట్టి పెట్టారు. పెట్టిన గంటకే నీళ్ళు బురదగా మారాయి. అది రాళ్ళ దుమ్ము. రాళ్ళు కడక్కుండా వేశారన్నమాట. బియ్యం కడిగినట్టు నాలుగైదు సార్లు కడిగి వేయాల్సింది. ఇప్పటికి కదపకుండా ఉంచండి. దుమ్ము అడుక్కి దిగుతుంది.

అలా కాక, పెట్టిన రెండు మూడు రోజులకు పాలు కలిపినట్టు తెల్లబడితే అది సూక్ష్మజీవుల గుంపు. మేత ఎక్కువైంది. దాన్ని తినటానికి నీళ్ళలో తేలే సూక్ష్మజీవులు లక్షలకు లక్షలు పెరిగాయి. అవి ఒక్కొక్కటీ కనపడవు. అంతా కలిస్తే తెల్లటి మసకలా కనిపిస్తాయి. అవి పెరిగేటప్పుడు నీళ్ళలో ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపకు గాలి చాలదు.

దీనికి మందు కొనక్కర్లేదు. రెండు రోజులు మేత ఆపండి. "అయ్యో, పాపం" అనకండి. చేప మనలాగా ఒళ్ళు వెచ్చగా ఉంచుకునే ప్రాణి కాదు. దానికి తిండి కొంచెం చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు. గాలి పంపు ఆపకండి. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్ళు మార్చండి. స్పాంజిని ముట్టుకోకండి. వారం, పది రోజుల్లో నీళ్ళు తమంతట తామే తేటపడతాయి.

ఎన్నాళ్ళుగానో బాగున్న పాత తొట్టి ఉన్నట్టుండి తెల్లబడితే మాత్రం ఊరుకోవద్దు. ఏదో జరిగింది. చేపల్ని లెక్క పెట్టండి. ఒకటి తగ్గిందా? రాయి వెనక చచ్చి కుళ్ళుతూ ఉండొచ్చు. పిల్లలు అన్నం మెతుకులు, బిస్కెట్ ముక్కలు వేశారేమో అడగండి. తిట్టకుండా అడగండి. తిడితే చెప్పరు. కరెంటు ఎక్కువ సేపు పోయిందేమో గుర్తు చేసుకోండి. కరెంటు పోతే ఫిల్టర్ ఆగుతుంది. స్పాంజిలోని సూక్ష్మజీవులకు గాలి అందక చస్తాయి. మురిగిన వాసన వస్తుంది. కరెంటు రాగానే ఫిల్టర్ అలాగే వేస్తే ఆ మురుగంతా తొట్టిలోకి పోతుంది. చాలా గంటలు ఆగితే, ముందు స్పాంజిని తొట్టి నీళ్ళలో పిండి, తర్వాత వేయాలి.

ఇక మేత సంగతి. అసలు దొంగ ఇక్కడే ఉన్నాడు. బంగారు చేపకు మనకున్నట్టు పొట్ట సంచి ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టు గాజు దగ్గరకు వచ్చి నోరు తెరుస్తుంది. చూసినప్పుడల్లా ఇంట్లో ఒక్కొక్కరూ చిటికెడు వేస్తారు. నాన్న పొద్దున వేస్తాడు. నాయనమ్మ మధ్యాహ్నం వేస్తుంది. పిల్లలు బడి నుంచి రాగానే వేస్తారు. ఎవరికి వారు "కొంచెమే కదా" అనుకుంటారు. రెండు నిమిషాల్లో చేపలు ఎంత తింటాయో అంతే వెయ్యాలి. రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ఇంట్లో ఒక్కరే వెయ్యాలి. మేత డబ్బా ఆ ఒక్కరి దగ్గరే ఉండాలి.

నీళ్ళు పచ్చబడితే

పచ్చ నీళ్ళు సూక్ష్మజీవుల గుంపు కాదు. అది నాచు. చెరువు గట్టున చూసే దారాల నాచు కాదు. కంటికి కనపడనంత చిన్న నాచు. ఒక్కొక్కటీ ఒక చుక్కకన్నా చిన్నది. అలాంటివి కోట్లు కలిసి నీళ్ళను పెసర కట్టులా చేస్తాయి.

నాచుకు రెండే కావాలి. ఎండ, ఎరువు. ఎరువు ఎక్కడిదంటారా? ఇందాక చెప్పుకున్నాం. చేపల మలం నుంచి వచ్చే నైట్రేట్ ఎరువే. ఇక ఎండ. తొట్టి అందంగా కనపడాలని కిటికీ పక్కన పెడతాం. లేదా తొట్టి మీద దీపం పొద్దున్నుంచి పడుకునే దాకా వేసి ఉంచుతాం. నాచుకు పండగే పండగ.

ఇప్పుడు నీళ్ళన్నీ పారబోసి కొత్త నీళ్ళు పోస్తే ఏమవుతుంది? రాళ్ళ సందుల్లో కొంచెం నాచు మిగులుతుంది. ఎండ అలాగే ఉంది. ఎరువు మళ్ళీ తయారవుతుంది. వారంలో మళ్ళీ పచ్చబడుతుంది. కలుపు మొక్క తల కోసినట్టన్నమాట. వేరు అలాగే ఉంది.

ఆశ్చర్యం ఏమిటంటే, పచ్చ నీళ్ళు చేపలకు పగవి కావు. ఏలూరు, పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాల్లో చేపల చెరువులు ఉన్నాయి. అక్కడ రైతులు కావాలనే పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసి నీళ్ళను కొంచెం పచ్చబరుస్తారు. నాచును చిన్న పురుగులు తింటాయి. ఆ పురుగుల్ని, నాచును బొచ్చెలు, శీలావతులు తింటాయి. మేత ఖర్చు తగ్గుతుంది. కానీ పచ్చదనం ఎంత ఉండాలో వాళ్ళకు లెక్క ఉంది. చేతిని మోచేతి దాకా నీళ్ళలో ముంచి చూస్తారు. అరచెయ్యి కనపడకపోతే పచ్చదనం మించిపోయిందని అర్థం.

మించితే ఏం ప్రమాదం? నాచు పగలు ఎండలో ప్రాణవాయువు విడుస్తుంది. రాత్రి అదే ప్రాణవాయువును పీలుస్తుంది. రాత్రంతా చేపలూ పీలుస్తాయి, నాచూ పీలుస్తుంది. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే రైతులు తెల్లవారుజామున చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు వేస్తారు. మన గాజు తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. రాత్రి బాగున్న చేప పొద్దున్నే చచ్చి కనపడితే "ఎవరి దిష్టో తగిలింది" అంటాం. అది దిష్టి కాదు, ఊపిరాడక చచ్చింది. రాత్రి దీపం ఆపండి గానీ గాలి పంపు ఆపకండి. పంపు చప్పుడుకు నిద్ర పట్టటం లేదని ఆపేవాళ్ళు చాలామంది. ఎండాకాలం ఇంకా జాగ్రత్త. నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది.

పచ్చ నీళ్ళకు మంచి మందు చీకటి. తొట్టిని కిటికీ దగ్గర నుంచి జరపాలి. జరిపే ముందు చాలా నీళ్ళు తీసెయ్యండి. నీళ్ళు లీటరుకు కిలో బరువు. నిండు తొట్టిని ఎత్తితే గాజు పగులుతుంది, నడుమూ పట్టుకుంటుంది. తర్వాత మందపాటి దుప్పటి నాలుగు వైపులా కప్పండి. 3, 4 రోజులు అలాగే ఉంచండి. దీపం వెయ్యొద్దు. గాలి పంపు నడవాలి. పైన గాలి ఆడే సందు ఉంచండి. మేత వెయ్యొద్దు. ఎండ లేక నాచు చస్తుంది.

చచ్చిన నాచు ఎక్కడికి పోతుంది? అక్కడే కుళ్ళుతుంది. అమ్మోనియా పుడుతుంది. అందుకే దుప్పటి తీసిన రోజే పావు వంతు నీళ్ళు మార్చాలి. రెండు రోజుల తర్వాత మరో పావు వంతు. ఈ మెట్టు మరిస్తే నీళ్ళు తేటపడతాయి గానీ చేపలు పోతాయి. ఆ తర్వాత దీపం రోజుకు 6 నుంచి 8 గంటలే వెయ్యండి. నీళ్ళలో పెరిగే మొక్కలు వేస్తే ఇంకా మేలు. నాచు తినే ఎరువును మొక్కలు లాక్కుంటాయి.

పటిక వెయ్యొచ్చా? చేప కొనొచ్చా?

ఏటి నీళ్ళు బురదగా వస్తే మన పెద్దవాళ్ళు చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవాళ్ళు. పటిక కూడా తిప్పేవాళ్ళు. మట్టి అడుక్కి దిగేది. చాలా మంచి పద్ధతి. "మరి తొట్టిలో పటిక తిప్పితే?" అని అడగొచ్చు. వద్దు. పటిక వేస్తే నీళ్ళకు పులుపు గుణం వస్తుంది. బిందెలో నీళ్ళు మనం తాగేసి ఊరుకుంటాం. చేప అందులోనే కాపురం ఉండాలి. నీళ్ళ గుణం ఒక్కసారిగా మారితే తట్టుకోలేదు. పైగా మేత కుళ్ళటం పటికతో ఆగదు.

దుకాణంలో "నీళ్ళు తేట చేసే మందు" అని సీసాలు అమ్ముతారు. కొందరికి పనికొస్తాయి. కానీ కారణం పోకుండా వేస్తే వారానికో సీసా కొనాలి. కొంటే మాత్రం సీసా మీద రాసింది మీరే చదవండి. ఎన్ని లీటర్లకు ఎన్ని చుక్కలు? గడువు తేదీ ఎప్పుడు? తెలుగులో లేకపోతే బడికెళ్ళే పిల్లల చేత చదివించండి. "కొంచెం ఎక్కువేస్తే తొందరగా పని చేస్తుంది" అనే మాట మేతలోనూ మందులోనూ పనికిరాదు.

ఇంకో మాట కూడా చెబుతారు. "సక్కర్ చేప కొనండి, పాచి అంతా తినేస్తుంది" అంటారు. నల్లగా, ఒంటి నిండా గట్టి పెంకులతో, గాజుకు నోరు ఆనించి ఉంటుంది. అది గాజు మీద పాచి కొంత తింటుంది. నీళ్ళలో కలిసిన పచ్చదనాన్ని తినలేదు. పైగా దాని మలం తొట్టికి ఇంకో భారం. వేలెడంత కొంటే అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు ఏం చెయ్యాలో తెలియక జనం చెరువులోనో కాలవలోనో వదిలేస్తారు. అది మన దేశపు చేప కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఇప్పుడు మన నదుల్లో, చెరువుల్లో చేరి పెరిగిపోతోంది. వలలో పడితే దాని ముళ్ళకు వల చినుగుతుంది. దాన్ని ఎవరూ కొనరు. నష్టం జాలరి ఇంటికి. కాబట్టి తొట్టిలో చేప ఏదైనా సరే, ఊరి చెరువులో వదలకండి. వద్దనుకుంటే పెంచుకునేవాళ్ళకు ఇవ్వండి, లేదా అమ్మినవాళ్ళకే తిరిగి ఇవ్వండి.

లెక్క చూసుకుందాం

తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు ఉందనుకోండి. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు ఎత్తు ఉన్న జాగాలో సుమారు 28 లీటర్లు పడతాయి. ఇది దానికి రెండింతలు. అంటే 56 లీటర్లు. అంచు దాకా నింపం కాబట్టి 50 లీటర్లు అనుకుందాం. ఇందులో పావు వంతు ఎంత? పన్నెండున్నర లీటర్లు. దాదాపు ఒక బిందె. వారానికి ఒక్క బిందె మారిస్తే చాలు. ఎంత సులువో చూశారా? తొట్టంతా కడిగే చాకిరీ ఎక్కడ, ఇదెక్కడ.

ఈ తొట్టికి రెండు చిన్న బంగారు చేపలే ఎక్కువ. అవి బాగా మురికి చేసే జాతి. పెరిగితే ఈ తొట్టి కూడా చాలదు. గప్పీల లాంటి బుల్లి చేపలైతే కొన్ని ఉండొచ్చు. గుండ్రటి గాజు గిన్నెలో బంగారు చేపను పెట్టటం నాకు నచ్చదు. బాగా చూసుకుంటే బంగారు చేప పదేళ్ళు దాటి బతుకుతుంది. గిన్నెలో పెడితే చాలాసార్లు తొందరగానే చస్తుంది. చూసేవాళ్ళు దాని ఆయుష్షే అంత అనుకుంటారు.

పోసే బిందెను ముందు రోజే పట్టి, మూత లేకుండా అదే గదిలో ఉంచండి. ఒక రోజంతా ఉంటే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. నీళ్ళ వెచ్చదనం కూడా తొట్టితో సమానమవుతుంది. తొందరగా కావాలంటే దుకాణంలో క్లోరిన్ విరుగుడు చుక్కలు దొరుకుతాయి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు. అయినా ఒక రోజు ఉంచండి. కొన్ని బోర్లలో ఇనుము ఉంటుంది. గాలి తగిలితే అది తుప్పు రంగుగా అడుక్కి దిగుతుంది. పై తేట మాత్రం వాడండి. డబ్బు పెట్టి క్యాన్ నీళ్ళు కొనక్కర్లేదు.

నీళ్ళు తీసేటప్పుడు గొట్టాన్ని నోటితో పీల్చకండి. మురికి నోట్లోకి వస్తుంది. గొట్టం నిండా నీళ్ళు నింపి, రెండు కొసలూ వేలితో మూసి, ఒక కొస తొట్టిలో, ఒక కొస కింద బకెట్లో పెట్టి వదలండి. అదే పారుతుంది. చేయి పెట్టే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోకండి. చేతికి కోత, పుండు ఉంటే ఆ రోజు ఆ పని చెయ్యకండి. తొట్టి నీళ్ళ వల్ల చర్మానికి ఒక రకం మొండి పుండు వచ్చే ప్రమాదం ఉంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇంకో ఇంట్లో పని చేసేవాళ్ళు మెల్లగా చెప్పి చూడండి. "అమ్మగారూ, మొత్తం కడిగితే చేపలు చస్తాయండీ. వారానికి పావు వంతు మారుస్తాను. మేత మీరొక్కరే వెయ్యండి." విని తీరతారని కాదు. కానీ ముందే చెప్పి ఉంటే, రేపు మాట పడే పని ఉండదు.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. మీ చేత్తో ఇలా రాయండి.

సోమవారం. నీళ్ళు కొంచెం తెలుపు. మేత ఆపాను.
బుధవారం. ఒక బిందె మార్చాను. చేపలు రెండూ బాగున్నాయి.
శుక్రవారం. కరెంటు 5 గంటలు పోయింది. స్పాంజి పిండాను.
ఆదివారం. నీళ్ళు తేట. చిటికెడు మేత వేశాను.

ఇలా నెల రాస్తే మీ తొట్టి గుణం మీకు తెలుస్తుంది. ఏ రోజు ఏం జరిగాక నీళ్ళు మారాయో పుస్తకం చూస్తే దొరుకుతుంది. పక్కింటి ఆమె కొత్త తొట్టి పెడితే, మీ బాగున్న తొట్టిలోంచి గుప్పెడు గులకరాళ్ళు తీసి తడిగానే ఇవ్వండి. జబ్బు చేపలు లేని తొట్టి అయితేనే సుమా. తోడు అరువిచ్చినట్టే. ఆమె తొట్టి త్వరగా తోడుకుంటుంది.

తొట్టిలోంచి తీసిన మురికి నీళ్ళను కాలవలో పారబోయకండి. అందులో ఎరువు ఉంది. కరివేపాకు మొక్కకో, బీర పాదుకో పోయండి. చేపలకు ఉప్పు గానీ మందు గానీ వేసిన నీళ్ళైతే మాత్రం మొక్కలకు వద్దు.